నాయనమ్మ సున్నపు వేలు

ఇది మహాకావ్యంగా రాయవలసిన సంగతి. కావలసిన సరుకంతా ఉంది. నాలుగు వైపులా పసిఫిక్ మహాసముద్రం, మధ్యలో మ్యాపు మీద ఈగ వాలినంత దీవి, దీవి కొసన కొండ, కొండలో గుహ, గుహ గోడల నిండా ఎన్ని తరాల కిందటివో ఎవరూ చెప్పలేని బొమ్మలు, వాటికి కాపలాగా కంటికి కనబడని పెద్దలు, ఆ పెద్దలకి కోపం వస్తే తగిలే శాపం. చివరికి శాపం కూడా తగిలింది. ఇంత సరుకు చేతికందితే పన్నెండు కాండలు రాసి పారేసేవాళ్ళున్నారు. కానీ జరిగింది మాత్రం ఇంతే: మా నాయనమ్మ తాంబూలం వేసుకుని, వేలికి మిగిలిన సున్నాన్ని పక్కనున్న గోడకి తుడిచింది. ఆ గోడ ఆ గుహది.

జ్ఞాపకాలు రాసేంత వయసు నాకు రాలేదని మా అమ్మ అభిప్రాయం. ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు, ముందు టాక్స్ కాగితాలు తిన్నగా నింపడం నేర్చుకోమంటుంది. అదీ నిజమే. కానీ పోయిన శనివారం జెర్సీ సిటీలో మా వీధి చివరి ఇండియన్ కొట్టుకి కందిపప్పు కోసం వెళ్ళాను. కొట్టాయన తడి గోనెగుడ్డ విప్పి తమలపాకులు బయటికి తీస్తున్నాడు. ఆ పచ్చి, ఘాటు వాసన ముక్కుకి తగిలింది. అంతే, పదేళ్ళ పిల్లనై అక్కడే నిలబడిపోయాను. వెనక క్యూలో ఉన్న ఆంటీ "కాస్త జరుగమ్మా" అనేదాకా కదల్లేదు. కందిపప్పు కొనడం మరిచిపోయి ఇంటికొచ్చాను. ఆ పూట కోడిగుడ్లతో సరిపెట్టుకుని ఇది మొదలుపెట్టాను.

మేము ఆ దీవికి వెళ్ళడానికి కారణం అమ్మ. కోస్తాలో ఒక మిషన్ ఆసుపత్రిలో నర్సు చదివి, పై ఊళ్ళేమీ చూడకుండానే, అమెరికా జెండా ఎగిరే ఆ చిన్న దీవిలో డిస్పెన్సరీకి నర్సుగా కుదిరింది. నాన్న అక్కడి బళ్ళో లెక్కలు చెప్పేవారు. నాయనమ్మ ఎందుకొచ్చిందంటే, కోడలి వంట మీద నమ్మకం లేక. అమెరికా అంటే మంచు పడుతుందని ఎవరో చెప్పగా ట్రంకు పెట్టెలో రెండు ఉన్ని శాలువలు తెచ్చుకుంది. ఉన్న రెండేళ్ళూ వాటిని బయటికి తీసే అవసరం రాలేదు. మిగిలిన పెట్టె నిండా ఎండు వక్కలు, అడకత్తెర, ఇత్తడి సున్నపు డబ్బీ, తెలుగు బైబిలు. ఆ వరసలోనే సర్దింది.

దీవికి నెలకొకసారి ఓడ వచ్చేది. బియ్యం, పిండి, డబ్బా మాంసం దాంట్లోనే. ఓడ ఆలస్యమైతే దీవి అంతా సీమపనసకాయల మీద బతికేది. నాయనమ్మ వాటిని ముక్కలు కోసి, అక్కడ దొరికే చిటికెన వేలంత మిరపకాయలు వేసి కూర చేసేది. ఆ మిరపకాయ కొరికాక అరగంటసేపు మనిషి భక్తిగా ఉంటాడు. ఇరుగుపొరుగు వాళ్ళు ఎర్రగింజలు నానబెట్టిన నీళ్ళతో అన్నం ఎర్రగా వండి పంపేవాళ్ళు. మొదటిసారి చూసి "అన్నానికి కుంకుమెందుకే" అంది నాయనమ్మ. రెండోసారికి గిన్నె ఎప్పుడొస్తుందా అని గుమ్మంలో కూర్చుంది. ఎండబెట్టిన కొబ్బరి వాసన, వాన ఆగాక మట్టిలోంచి వచ్చే ఉప్పు వాసన, అమ్మ చీరనుంచి ఫినాయిల్ వాసన: ఆ ఇంటి గాలి అదీ.

ఆ గుమ్మం గురించి చెప్పాలి. నాయనమ్మ ఆకుకి సున్నం రాసేది చూపుడు వేలితో. రాయగా మిగిలింది గుమ్మానికి తుడిచేది. మా ఊళ్ళో ఆవిడ కూర్చునే స్తంభానికి కూడా ఆవిడ వేలి ఎత్తున తెల్ల చారలు ఉండేవని నాన్న చెప్పేవారు. ఇక్కడ అమ్మ నర్సు. రోజూ తడిగుడ్డతో ఆ చారలు తుడిచేది. నాయనమ్మ మళ్ళీ పూసేది. అత్తాకోడళ్ళ యుద్ధం అంటే మా ఇంట్లో అదే. మాటల్లేవు, ఒకరు రాయడం, ఒకరు చెరపడం.

"అత్తయ్యా, గుడ్డ పక్కనే పెట్టాను గదా, దానికి తుడవొచ్చు గదా" అనేది అమ్మ.

"తుడుస్తాలే. చెయ్యి నా మాట వింటేగా" అనేది నాయనమ్మ.

తెచ్చుకున్న వక్కలు మూడు నెలలకే అయిపోయాయి. ఆకులైతే విమానంలోనే అయిపోయాయి. తాంబూలం లేని నాయనమ్మ ఎలా ఉండేదో రాయను; పోయినవాళ్ళ గురించి మంచే రాయాలి. అప్పుడు కనబడింది అవ్వ.

అవ్వ అంటే ఆ దీవి ముసలావిడ. మా పెరటి కంచె అవతలి ఇల్లు ఆవిడదే. పూల గౌను, చేతికర్ర, నోరంతా ఎర్రగా. ఆ ఎరుపు చూసి నాయనమ్మ కంచె దగ్గరికి దాదాపు పరిగెత్తింది. ఆ దీవి వాళ్ళూ ఆకు, వక్క, సున్నం వేసుకుంటారు. సున్నం పగడపు రాళ్ళు కాల్చి చేస్తారు, వక్క పచ్చిదే నములుతారు. అవ్వ పెరట్లో పోకచెట్లు రెండు, వాటికి పాకిన తమలపాకు తీగలు. నాయనమ్మ ఆ తీగల్ని చూసిన చూపులో ఉన్న భక్తి నేను చర్చిలో కూడా చూడలేదు.

ఆవిడకి తెలుగు రాదు, ఈవిడకి ఇంగ్లీషు రాదు. అవ్వకి ఇంగ్లీషు వచ్చు. కాబట్టి మధ్యలో నేను. రోజూ బడి నుంచి రాగానే కంచె మీద కూర్చుని ఇటు మాట అటు, అటు మాట ఇటు చెప్పేదాన్ని. నెల తిరక్కుండా నాయనమ్మ ఆవిడని వదినా అని పిలవడం మొదలుపెట్టింది. ఏ వరసన వదిన అని నాన్న అడిగితే, "ఆకిచ్చింది, ఇంకేం వరస కావాలిరా" అంది.

ఆ కొండలోని గుహని అవ్వ వాళ్ళ కుటుంబం చూసుకునేది. తాళం లేదు, బోర్డు లేదు. నియమాలు మాత్రం ఉన్నాయి. గుహ ముందు ఆగి, "అమ్మమ్మలూ తాతలూ, ఫలానా వాళ్ళం వచ్చాం, లోపలికి రానివ్వండి" అని మెల్లగా అడగాలి. తర్వాత కాసేపు ఊరికే నిలబడాలి. లోపల అరవకూడదు, ఏదీ తీయకూడదు, ఏదీ పెట్టకూడదు. అడగకుండా పోయినవాళ్ళకి ఒళ్ళు వాస్తుందని దీవిలో అందరికీ తెలుసు. బళ్ళో మా హెడ్‌మాస్టర్ సైన్సు చదివినాయన. ఆయన కూడా అడిగే వెళ్ళేవారు.

ఒక శనివారం పొద్దున అవ్వ కంచె దగ్గరికొచ్చి, మీ నాయనమ్మని గుహకి తీసుకెళ్తానని చెప్పు అంది. బయటివాళ్ళని ఆవిడ తీసుకెళ్ళడం అరుదు. నాయనమ్మ ఉతికిన చీర కట్టుకుంది. అమ్మ మాత్రం కొంచెం తటపటాయించింది.

"అక్కడ ఎవరికో మొక్కాలంటగా అత్తయ్యా. మనం ప్రార్థన చేసుకునేవాళ్ళం."

"మొక్కడం కాదే, అడగడం. ఎవరింటికన్నా పోతే గుమ్మంలో నిలబడి ఇంటోళ్ళను పిలవమా? ప్రభువు దానికి కూడా కోపగిస్తాడా ఏంది" అంది నాయనమ్మ.

అమ్మ గొడుగు ఇచ్చి పంపింది.

కొండెక్కాం. అవ్వ అడిగింది, నిలబడ్డాం, లోపలికి వెళ్ళాం. ఇక్కడ నేను వేళాకోళం చెయ్యలేను, చెయ్యబోయినా రాదు. బయటి ఎండలోంచి వెళ్ళాక కళ్ళకి ముందు ఏమీ కనబడదు. తర్వాత గోడ మెల్లగా మనవైపు వస్తుంది. మసితో గీసిన నల్ల చేపలు, ఎర్రమట్టితో తాబేళ్ళు, సున్నంతో తెల్లటి మనుషులు. చేతులు పైకెత్తిన మనుషులు, వరసగా. ఒకడికి ఆరు వేళ్ళు. గీసినవాడు లెక్క తప్పాడో, నిజంగానే అలాంటి మనిషి ఉండేవాడో. ఆ మనిషి ఎదురుగా నిలబడితే, నువ్వెవరమ్మాయి అని ఎవరో అడిగినట్టు అనిపించింది. నేను పేరు చెప్పాను కూడా, మెల్లగా.

నాయనమ్మ చాలాసేపు ఒక చేప ముందే ఆగిపోయింది. ముళ్ళతో సహా గీసిన చేప.

"ఇది గీసినోడు ఈ చేపని తిన్నాడే పిల్లా. తినకుండా ముళ్ళు ఇంత తిన్నగా ఎవడూ గీయలేడు" అంది.

అది అవ్వకి చెప్పాను. అవ్వ నాయనమ్మ భుజం మీద చెయ్యి వేసింది. పుస్తకాలు చదివి వచ్చినవాళ్ళు గుహలో చాలా చెప్పారట గానీ, ఆ మాట ఎవరూ అనలేదట.

తర్వాత లోపల గుమ్మం పక్కనే, రాతి అరుగు మీద ఇద్దరూ కూర్చున్నారు. అవ్వ ఆకులు తీసింది. నాయనమ్మ డబ్బీ తీసి సున్నం రాసుకుంది. ఆకు నోట్లో పెట్టుకుంది. కళ్ళు మాత్రం ఆ చేప మీదే. చెయ్యి తన పని తాను చేసుకుపోయింది. పక్క గోడ మీద తెల్లటి చార, జానెడు పొడవు, వాలుగా.

అవ్వ అటు తిరిగి కూర్చుంది కనక చూడలేదు. నాయనమ్మకి ఆ పని చేసినట్టే తెలియదు. చూసింది నేనొక్కదాన్నే. ఏమీ పెట్టకూడదన్న చోట, తాతముత్తాతల తెల్ల మనుషుల పక్కన, అదే సున్నంతో, తెనాలి దగ్గర పల్లెటూరి ఆవిడ గీసిన గీత. నేను నోరు మూసుకున్నాను. అరవకూడదన్నారు కదా అని నాకు నేను చెప్పుకున్నాను.

వారం తిరిగాక అవ్వ కంచె దగ్గరికొచ్చింది. ఆకులు తేలేదు.

"గుహ గోడకి ఎవరో సున్నం పూశారు. మీ నాయనమ్మకి ఏమైనా తెలుసేమో అడుగు" అంది నాతో.

పదేళ్ళ పిల్లకి అంత అధికారం ఎవరూ ఇవ్వకూడదు. ఇద్దరు ముసలాళ్ళ స్నేహమంతా నా నాలుక మీద ఉంది. నిజం చెబితే నాయనమ్మకి ఉన్న ఒకే ఒక్క స్నేహితురాలు పోతుంది. మళ్ళీ ఆకుల్లేని నాయనమ్మ ఇంట్లో ఉంటుంది. ఆ సంగతి కూడా ఆలోచించాను. తిరిగి నాయనమ్మతో, "మొన్నటి ఆకులు ఎలా ఉన్నాయని అడుగుతోంది" అన్నాను.

నాయనమ్మ మొహం విప్పారింది. "అంత లేతాకులు నా జన్మలో తినలేదని చెప్పవే."

"తెలియదంటోంది" అని చెప్పాను అవ్వకి.

అవ్వ నాయనమ్మ నవ్వు మొహాన్ని కాసేపు చూసింది. ఎవరో గుహ పాడుచేశారంటే నవ్వుతుందేమిటి అనుకుని ఉంటుంది. వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది.

పది రోజులు గడిచాయి. ఒక పొద్దున లేచేసరికి నా రెండు దవడలూ వాచి ఉన్నాయి.

అమ్మ ఒక్క క్షణం చూసి, "గవదబిళ్ళలు" అంది. బళ్ళో అప్పటికే పదకొండుమంది ఇళ్ళల్లో పడుకుని ఉన్నారు. వాళ్ళలో ఎవరూ గుహ మొహం చూసినవాళ్ళు కారు. ఇదంతా నాకు తెలుసు. అయినా అద్దంలో చూసుకుంటే, ఆరు వేళ్ళ మనిషి నా బుగ్గలు పట్టుకుని లాగినట్టే ఉంది.

కబురు తెలిసి అవ్వ వచ్చింది. అమ్మ గదిలోకి రానివ్వలేదు, కిటికీ అవతలే నిలబడమంది. అవ్వ నా బుగ్గల వైపు చూసింది.

"గుహలో ఏం చేశావు?"

"అది గవదబిళ్ళలండీ. వైరస్ వల్ల వస్తుంది" అంది అమ్మ ఇంగ్లీషులో.

"అవునమ్మా, వైరస్సే. గుహలో ఏం చేశావని పిల్లని అడుగుతున్నాను."

నేను ఏడుస్తూ మొత్తం చెప్పేశాను. వాచిన దవడలతో ఏడవడం చాలా నొప్పి. ఇంగ్లీషులో అవ్వకి ఒకసారి, తెలుగులో నాయనమ్మకి ఒకసారి, రెండుసార్లు ఏడవాల్సొచ్చింది.

అవ్వ కర్ర పుచ్చుకుని వెళ్ళిపోయింది. నాయనమ్మ మాత్రం మంచం పక్కన కూర్చుండిపోయింది. తిడుతుందనుకున్నాను.

"గోడకి పూసింది నేను. అది నా తప్పు" అంది చివరికి. "నీది వేరే తప్పు. నేను అనని మాట నా నోట్లో పెట్టావు. ఆవిడ వచ్చి తిన్నగా అడిగితే, నేను పళ్ళు ఇకిలించుకుంటా అబద్ధం ఆడాననుకుంది గదా ఇన్నాళ్ళూ. ఆకుల కోసం అట్టా చేశానని అనుకోదా?"

"నీకోసమే నాయనమ్మా."

"తెలుసులే. పడుకో."

ఆ తర్వాత తొమ్మిది రోజులు కంచె దగ్గరికి ఎవరూ రాలేదు. నాయనమ్మ రోజూ సాయంత్రం అక్కడికి వెళ్ళి నిలబడేది. ఆకులడగడానికి కాదని అవ్వకి తెలియాలని డబ్బీ ఇంట్లోనే వదిలి, ఖాళీ చేతులు కనబడేట్టు పెట్టుకుని నిలబడేది. అవతలి తలుపు తెరుచుకునేది కాదు. కాసేపుండి తిరిగొచ్చేది. మా గుమ్మం ఆ తొమ్మిది రోజులూ శుభ్రంగా ఉంది. అమ్మ తడిగుడ్డ పట్టుకుని వచ్చి, తుడవడానికేమీ లేక, ఊరికే గుమ్మాన్ని చూసి లోపలికి పోయేది. ఒకరోజు తనే కంచె దూకి అవ్వ తలుపు తట్టి ఏదో మాట్లాడి వచ్చింది. ఏం మాట్లాడావని నాన్న అడిగితే, పేషెంట్ల విషయాలు బయట చెప్పకూడదంది. పేషెంటు ఎవరో మాకు అర్థం కాలేదు.

పదో రోజు నా దవడలు మామూలు సైజుకి వచ్చాయి. అవ్వ కంచె దగ్గర నిలబడి ఉంది.

"నాతో చెప్పక్కర్లేదు. నాకు కాదు పూసింది. వాళ్ళతో చెప్పమను" అంది.

ఆ మాటని ఒక్క అక్షరం మార్చకుండా నాయనమ్మకి చెప్పాను.

ముగ్గురం మళ్ళీ కొండెక్కాం. అవ్వ అడిగింది, నిలబడ్డాం, లోపలికి వెళ్ళాం. గీత అక్కడే ఉంది. ఆరి మరీ తెల్లగా అయింది. నాయనమ్మ దాని ముందు నిలబడి చీర కొంగు భుజం మీదుగా కప్పుకుంది. నేను గొంతు సవరించుకుని ఇంగ్లీషులో చెప్పడానికి సిద్ధమయ్యాను. అవ్వ నా చెయ్యి నొక్కింది.

"నువ్వు ఊరుకో. వాళ్ళకి అర్థమవుతుంది."

నాయనమ్మ తెలుగులోనే మాట్లాడింది. సంఘంలో పెద్దల ముందు నిలబడితే ఎలా మాట్లాడేదో అలాగే.

"అయ్యలారా, అమ్మలారా. నేను పరాయి దేశందాన్ని. నా వదిన చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొస్తే, నేను మీ గోడకి చెయ్యి తుడిచా. కావాలని కాదు. అలవాటు. మా ఇంట్లోనూ ఇదే పని, నా కోడల్ని అడగండి. ఈ పిల్ల అబద్ధం చెప్పింది నా మీద ప్రేమకొద్దీ, దాని మీద కోపం పెట్టుకోబాకండి. వదిన మీద అసలు పెట్టుకోబాకండి. మీ బొమ్మలు ఇంత కాలం చూసుకుంది ఆవిడ. నేను చెడగొట్టా. తప్పయింది."

ఆగింది. తర్వాత ఇంకో మాట అంది: "ఆ చేప మాత్రం చాలా బాగుంది."

మేం నిలబడ్డాం. ఏదో జరుగుతుందని ఎదురుచూశాను. గాలి రావాలి, లేదా వెలుగు పడాలి. ఒక పీత రాతి సందులోంచి బయటికొచ్చి, మమ్మల్ని చూసి, లోపలికి పోయింది. అంతే.

అవ్వకి మాత్రం అది చాలినట్టుంది. "పదండి, బయట కూర్చుని వేసుకుందాం" అంది. బయట చెట్టు నీడలో కొంగుముడి లాంటి చిన్న సంచి విప్పి లేతాకు తీసి నాయనమ్మకిచ్చింది. తన సున్నపు సీసా తెరిచింది. నాయనమ్మ సున్నం రాసుకుంది. రాసుకున్నాక వేలు గాల్లోనే ఆగిపోయింది; అటూ ఇటూ చూసింది. అవ్వ సంచిలోంచి ఎండు కొబ్బరిపీచు ముక్క తీసి ఆ వేలి కిందికి చాపింది. ఇద్దరూ ఒకేసారి నవ్వారు. ఎర్రటి నోళ్ళతో, పళ్ళున్నంత మేరా. నేను అనువదించడానికి అక్కడ ఏమీ లేదు. జీవితంలో మొదటిసారి పనిలేకుండా కూర్చున్నాను, హాయిగా ఉంది.

మరుసటి ఏడాది మ్యూజియం నుంచి ఒకాయన టేపులు, కెమెరాలు పట్టుకొచ్చి గుహ అంతా కొలిచాడు. బొమ్మ బొమ్మకీ ఒక నంబరు వేశాడు. గుమ్మం పక్క జానెడు గీత దగ్గరకొచ్చి, ఇది కొత్తది, తీసేయించమంటారా అని అవ్వని అడిగాడు.

"అది మా వదినది. ఉండనియ్యి" అంది అవ్వ. వదిన అన్న మాట తెలుగులోనే అంది. ఆయన దాన్ని తన పుస్తకంలో ఏమని రాసుకున్నాడో తెలియదు.

అమ్మ కాంట్రాక్టు అయిపోయి మేం న్యూజెర్సీ వచ్చేశాం. ఇక్కడ నాయనమ్మ ఉన్ని శాలువలు రెండూ కప్పుకుని ఆరేళ్ళు బతికింది. అవ్వ ఇప్పుడు ఉందో లేదో తెలియదు. ఆ వీధిలో ఇళ్ళు తుఫానుకి పోయాయని విన్నాం. మా క్వార్టర్సు కూడా పోయే ఉంటుంది, ఆ గుమ్మంతో సహా. నాయనమ్మ ఎనభై ఏళ్ళు బతికి, ఎన్నో వంటలు వండి, ఎన్ని గుమ్మాలకో చారలు గీసింది. అన్నీ ఎవరో ఒకరు తుడిచేశారు. ఎన్ని తరాలు గడిచినా నిలిచిన చేపల పక్కన, ఆరు వేళ్ళ మనిషి పక్కన, ఆవిడది ఒక్క గీత మిగిలింది. ఇది తలుచుకుంటే, ఆ పెద్దలే ఆవిడని తమలో కలుపుకున్నారని, క్షమించారు కాబట్టే ఉంచుకున్నారని అనిపిస్తుంది.

మొన్న ఆదివారం చర్చి అయ్యాక, కెమిస్ట్రీ చదువుకున్న ఒక అంకుల్‌కి ఇదంతా చెప్పాను. పగడపు దీవిలో గుహ అంటే గోడ సున్నపురాయే కదా అన్నాడు. సున్నపురాయి మీద ఆరిన సున్నాన్ని తీసే మార్గం లేదట. వెనిగర్ పోస్తే గోడ కూడా కరుగుతుందట.